ఈడ్పు – నిరోధం: సన్నని పొరల్లోని ఎలక్ట్రాన్ల చరిత్ర, తెలుగు పారిభాషిక పదసమస్య

వ్యాససంగ్రహం:
ఒకదానికొకటి అతి సమీపంగా ఉండి, ఒకదానినొకటి తాకని రెండు సన్నని పొరలలో ఒకదాని గుండా విద్యుత్తు ప్రవహిస్తే, రెండవ పొరలోని ఎలక్ట్రాన్లు కూడా ఆ దిశగా నెట్టబడతాయి. భౌతికశాస్త్రంలో దీనికి కూలూమ్ డ్రాగ్ అని పేరు. 1977లో ఒక సైద్ధాంతిక ప్రతిపాదనగా పుట్టి, 1991 నాటికి స్పష్టమైన కొలతగా స్థిరపడిన ఈ భావనకు తెలుగులో ఇంతవరకు నిలకడైన పేరు లేదు. ఆ భావన చరిత్రను, దానిని చెప్పడానికి తెలుగులో ఉన్న నిరోధం, కర్షణ, ఈడ్పు, అన్యోన్యం వంటి పదాల చరిత్రను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నిరోధం, ఈడ్పు, కర్షణ, ఎలక్ట్రాన్, పలుచని పొరలు, తెలుగు అకాడమి, పారిభాషిక పదరచన, దిల్‌సుఖ్‌నగర్.

1. ప్రవేశిక

హైదరాబాదు తూర్పు భాగంలో దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ వరకు సాగే విజయవాడ రహదారి పొడవునా శిక్షణ సంస్థల బోర్డులు కనిపిస్తాయి. ఈ నాలుగైదు కిలోమీటర్లలో ఒక్క రోజులో పలికే భౌతికశాస్త్రం రాష్ట్రంలో మరెక్కడా అంత సాంద్రంగా వినిపించదేమో. ఆ తరగతి గదుల్లోని భాష తెలుగు పరిశోధకుని దృష్టిని ఆకర్షించదగినది. "రెసిస్టెన్స్ పెరిగితే కరెంట్ తగ్గుతుంది" అన్న వాక్యంలో నామవాచకాలన్నీ ఆంగ్లం. షరతు, క్రియ, కాలం, వాక్యనిర్మాణం తెలుగు. నామం పరాయిదైనా తర్కం నడిచేది తెలుగు క్రియతోనే. కొత్త భావన ఒకటి ఈ భాషలోకి రావలసి వచ్చినప్పుడు పరీక్ష ఎదురయ్యేది నామం దగ్గర కంటె క్రియ దగ్గర అనడానికి ఇది చాలు.

నీట్ ప్రశ్నపత్రం 2017 నుండి, జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుండి తెలుగులోనూ లభిస్తున్నాయి. అయితే అనువాదంలో సందేహం వస్తే ఆంగ్లపాఠాన్నే ప్రమాణంగా తీసుకోవాలన్న నిబంధన కూడా వాటితోపాటే ఉంది. తెలుగు పారిభాషిక పదానికి ప్రవేశం దొరికింది గాని ప్రామాణ్యం దొరకలేదు. ఈ స్థితిలో ఒక కొత్త భావనకు తెలుగు పేరు వెతకడం వృథాశ్రమ అనేవారున్నారు. పేరు వెతికే క్రమంలో భావనే మరింత స్పష్టపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. అందుకు ఎంచుకున్న ఉదాహరణ పలుచని పొరల్లోని ఎలక్ట్రాన్ల పరస్పర చర్య.

2. నిరోధం: పదం, భావన

ని పూర్వకమైన రుధ్ ధాతువు నుండి ఏర్పడిన నిరోధం అన్న మాటకు అడ్డగించడం, ఆపివేయడం అని అర్థం. యోగశాస్త్రంలో అది చిత్తానికి సంబంధించిన మాట. బౌద్ధంలో నాలుగు ఆర్యసత్యాలలో మూడవదాని పేరు. అక్కడ దుఃఖం పూర్తిగా ఆగిపోవడమే నిరోధం. విద్యుత్తులో మాత్రం నిరోధం ప్రవాహాన్ని ఆపదు, తగ్గిస్తుంది. ఎంత ఒత్తిడికి ఎంత ప్రవాహం అన్న నిష్పత్తిని చెబుతుంది. పూర్తి నివృత్తిని చెప్పే మాట ఒక నిష్పత్తికి పేరుగా మారడం అర్థపరిణామ చరిత్రలో గమనింపదగిన మలుపు.

ఈ మాట భుజాన మరొక భారం కూడా పడింది. తెలుగులో ఉన్నతవిద్యకు పాఠ్యపుస్తకాలు సిద్ధం చేయడానికి 1968 ఆగస్టు 6న పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షులుగా తెలుగు అకాడమి ఏర్పడింది. అదే 1968లో కేంద్రప్రభుత్వం కుటుంబనియంత్రణ కార్యక్రమంలో భాగంగా 'నిరోధ్' పేరుతో ఒక వస్తువును దేశమంతటా విక్రయానికి పెట్టింది. ఓమ్ నియమం చెప్పే తెలుగు మాధ్యమ తరగతిలో ఆ తరువాత చాలాకాలం వెనుక బల్లల నుండి నవ్వులు వినిపించడానికి కారణం అకాడమి కాదు, ఈ కాకతాళీయం! అయినా పదం నిలిచింది. నిరోధకం, నిరోధకత, విశిష్ట నిరోధం అనే సంతానాన్ని కూడా కన్నది. పారిభాషిక పదం బతకడానికి దాని సొగసు కంటె దాని కుటుంబం ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది.

ఇక భావన సంగతి. జె.జె. థామ్సన్ 1897లో ఎలక్ట్రాన్‌ను గుర్తించాడు. మూడేళ్ల తరువాత, 1900లో, పాల్ డ్రూడ్ లోహాల విద్యుద్వాహకతను ఎలక్ట్రాన్ల గుంపుతో వివరించాడు. లోహంలో స్థిరంగా ఉండే ధనావేశిత అయాన్లు, వాటి నడుమ స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. అవి అయాన్లకు తగిలి వేగం కోల్పోవడమే నిరోధం. మన పదవ తరగతి పాఠం డ్రూడ్, లోరెంజ్‌ల పేర్లతో పిల్లలకు చెప్పేది ఈ చిత్రాన్నే. ఇంటర్మీడియట్‌లో వచ్చే అపసర వేగం దీని కొనసాగింపు.

ఈ చిత్రంలో ఒక పెద్ద మౌనం ఉంది. ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి వికర్షిస్తాయని అదే విద్యార్థి స్థిరవిద్యుత్తు అధ్యాయంలో చదువుకొని ఉంటాడు. కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు ఒకే తీగలో కదులుతూ ఉంటే ఆ వికర్షణ ఏమయింది? పాఠం ఆ ప్రశ్న వేయదు.

సమాధానం ద్రవ్యవేగ నిత్యత్వ నియమంలో ఉంది. రెండు ఎలక్ట్రాన్లు ఢీకొన్నప్పుడు ఒకటి కోల్పోయిన ద్రవ్యవేగాన్ని రెండవది పొందుతుంది. రెండింటి మొత్తం మారదు. ప్రవాహమంటే ఆ మొత్తమే కనుక, ఎలక్ట్రాన్లు తమలో తాము ఎంత తాకిడి పడినా నిరోధం నేరుగా పెరగదు. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ముల మధ్య డబ్బు చేతులు మారినంత మాత్రాన ఇంటి ఆస్తి తగ్గనట్లే. స్ఫటిక జాలకం జోక్యం చేసుకొన్న కొన్ని సందర్భాలలో ఈ తాకిళ్లు నిరోధానికి తోడ్పడతాయనీ, ఆ తోడ్పాటు పరమోష్ణోగ్రత వర్గానికి అనులోమంగా ఉంటుందనీ 1936లో లండావు, పొమెరాన్‌చుక్, 1937లో బేబర్ చూపించారు. అయితే సాధారణ లోహంలో ఇతర కారణాల సందడిలో ఆ స్వల్ప భాగాన్ని విడదీసి కొలవడం కష్టం. కొలవాలంటే అన్నదమ్ములను వేరు కాపురం పెట్టించాలి.

3. వేరు కాపురం: 1977–1992

ఆ ఆలోచనను 1977లో పొగ్రెబిన్‌స్కీ అనే సోవియట్ భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. అర్ధవాహకం, బంధకం, మళ్ళీ అర్ధవాహకం అనే మూడంతరాల నిర్మాణాన్ని ఊహించి, ఒక అర్ధవాహకంలోని వాహకాలు రెండవదానిలోని వాహకాలను తమ వెంట ఈడ్చుకుపోగలవన్నాడు. అమెరికాలో ఐ.బి.ఎమ్. సంస్థకు చెందిన పీటర్ ప్రైస్ 1983లో ఈ దిశగానే ఆలోచించాడు. రెండు ప్రతిపాదనలూ కొంతకాలం కాగితం మీదనే ఉన్నాయి. కారణం చేతకాకపోవడం కాదు, పొర దొరకకపోవడం.

పొర కథ వేరుగా నడిచింది. శూన్యంలో పరమాణువుల వరుసలను ఒకదాని మీద ఒకటి పేర్చి స్ఫటికాన్ని పెంచే విధానం 1960ల చివర బెల్ ప్రయోగశాలలో రూపుదిద్దుకొంది. 1978లో అక్కడే డింగల్, స్టోర్మర్, గొసార్డ్, వీగ్‌మన్‌లు ఎలక్ట్రాన్లనిచ్చే మాలిన్య పరమాణువులను ఎలక్ట్రాన్లు తిరిగే పొరకు దూరంగా ఉంచే ఉపాయాన్ని చూపారు. దానితో గాలియం ఆర్సెనైడ్‌లో ఎలక్ట్రాన్లు దాదాపు అడ్డులేకుండా తిరిగే రెండు కొలతల పొరలు సాధ్యమయ్యాయి. ఇక మిగిలిన చిక్కు ఒకటే. మీటరులో వందకోట్ల వంతుల లెక్కన ఇరవై వంతులైనా లేని ఎడంతో ఉన్న రెండు పొరలకు విడివిడిగా తీగలు ఎలా తగిలించాలి? ఒకదానికి తగిలించిన తీగ రెండవదానికీ తగులుతుంది. 1990లో ఐజెన్‌స్టీన్, ఫైఫర్, వెస్ట్‌లు పైన, కింద లోహపు ద్వారాలు అమర్చి, వాటికి ఓల్టేజి ఇచ్చి, తీగ దగ్గర కావలసిన పొరను ఉంచి అక్కర్లేని పొరను ఖాళీ చేసే పద్ధతిని కనిపెట్టారు. నా దృష్టిలో ఈ కథలో నిజమైన కథానాయకుడు ఈ ద్వారమే. చరిత్రలో సాధారణంగా సిద్ధాంతానికి పేరు వస్తుంది, పనిముట్టుకు రాదు.

సాలమన్, ప్రైస్ తదితరులు 1989లో ఒక పలుచని పొరకూ ఒక మందమైన పొరకూ మధ్య ఇటువంటి ప్రభావాన్ని గమనించారు. రెండు పలుచని పొరల మధ్య నిర్ణయాత్మకమైన కొలత 1991లో వచ్చింది. గ్రామిలా, ఐజెన్‌స్టీన్, మెక్‌డొనాల్డ్, ఫైఫర్, వెస్ట్‌లు తమ పత్రానికి పెట్టిన శీర్షికలో డ్రాగ్ అన్న మాట లేదు, పరస్పర ఘర్షణ అని ఉంది. వారి నమూనాలో రెండు పొరల నడుమ అడ్డుగోడ మందం 175 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఎలక్ట్రాన్లు ఆ గోడను దాటలేవు. ఒక పొరలో ప్రవాహం పంపారు, రెండవ పొరలో ప్రవాహానికి దారి మూసి, దాని రెండు కొసల మధ్య ఓల్టేజిని కొలిచారు. రెండవ పొరలో పుట్టిన ఓల్టేజిని మొదటి పొరలోని ప్రవాహంతో భాగిస్తే వచ్చేదే ఈడ్పు నిరోధం. అది మిల్లీ ఓమ్‌ల స్థాయిలో ఉండే అతి స్వల్ప రాశి.

ఈ ఓల్టేజి గుర్తు విషయం కొంత నిదానంగా చూడవలసి ఉంది. తరువాత పదచర్చ అంతా దీని మీదనే నిలుస్తుంది. మొదటి పొరలో ఎలక్ట్రాన్లు ఎడమ నుండి కుడికి పోతున్నాయనుకుందాం. అంటే అక్కడ కుడి కొస ధనాత్మకం. వాటి తాకిడి వల్ల రెండవ పొరలోని ఎలక్ట్రాన్లు కూడా కుడివైపునకే నెట్టబడతాయి. బయటికి దారి లేదు కనుక కుడి కొసన గుమిగూడతాయి. ఆ కొస ఋణాత్మకమై, వెనుకకు తోసే క్షేత్రం పుడుతుంది. నెట్టుడు, తోపుడు సమానమైన చోట గుంపు నిలుస్తుంది. కాబట్టి రెండు పొరల ఓల్టేజిలు వ్యతిరేక గుర్తులు కలిగి ఉంటాయి. 1992లో సివాన్, సాలమన్, ష్ట్రిక్‌మన్‌లు ఒక పొరలో ఎలక్ట్రాన్లు, మరొక పొరలో రంధ్రాలు ఉన్న నమూనాను పరిశీలించారు. రంధ్రం ధనావేశం వలె ప్రవర్తిస్తుంది, ఎలక్ట్రాన్‌ను ఆకర్షిస్తుంది. ఐనా నెట్టబడే దిశ మారలేదు. రంధ్రాలు కూడా ఎలక్ట్రాన్ల వెంటే పోతాయి. ఆవేశం గుర్తు వేరు కనుక ఓల్టేజి గుర్తు మాత్రం మారుతుంది. ద్రవ్యవేగం చేతులు మారడానికి ఆకర్షణైనా ఒకటే, వికర్షణైనా ఒకటే.

ఉష్ణోగ్రతతో సంబంధం కూడా సిద్ధాంతం చెప్పినట్లే వర్గానికి దగ్గరగా కనిపించింది. పౌలీ నియమం ప్రకారం నిండిన స్థితిలోకి మరో ఎలక్ట్రాన్ వెళ్ళలేదు. అందువల్ల శక్తిమెట్లలో పై అంచున, ఉష్ణోగ్రతకు అనుగుణమైన సన్నని పట్టీలో ఉన్నవి మాత్రమే తాకిడిలో పాల్గొనగలవు. పట్టీ వెడల్పు ఉష్ణోగ్రతకు అనులోమం. రెండు పొరలలో రెండు పట్టీలు కనుక వర్గం. ఐతే కొలత అచ్చంగా ఆ గీత మీద నిలవలేదు. ఆ తేడాను వెంబడించిన గ్రామిలా బృందం 1993లో, కూలూమ్ బలంతోపాటు స్ఫటిక కంపనాల మార్పిడి కూడా పొరల మధ్య ద్రవ్యవేగాన్ని మోస్తున్నదనడానికి ఆధారాలు చూపింది.

పేరులో ఒక చిన్న చమత్కారం కూడా ఉంది. 1785 నుండి ఆవేశాల మధ్య బలనియమాన్ని వివరించిన షార్ల్ ఒగుస్తాఁ కూలూమ్, అంతకు ముందు 1781లో ఫ్రెంచి అకాడమీ బహుమతి పొందింది యంత్రాలలోని ఘర్షణ మీద రాసిన గ్రంథానికి. ఆయన రెండు జీవితాలు రెండు శతాబ్దాల తరువాత ఒకే ప్రయోగంలో కలిశాయి.

4. కర్షణా? ఈడ్పా?

ఇప్పుడు దీనికి తెలుగులో ఏమనాలి? మొదట తోచేది కర్షణ. కృష్ ధాతువుకు లాగడం, దున్నడం అని అర్థాలు. కర్షకుడు అందులోనుండే వచ్చాడు. ద్రవాలలో, గాలిలో కదిలే వస్తువుకు కలిగే అడ్డంకికి కర్షణ బలం అనడం కూడా వినబడుతుంది. సంస్కృత ధాతువు కనుక సమాసాలకు అనువుగా ఒదుగుతుందన్నది దాని పక్షాన ఉన్న వాదం. కానీ ఈ సందర్భంలో ఆ మాట ప్రమాదకరం. విద్యుత్తు అధ్యాయంలో విద్యార్థికి కర్షణ అన్నది ఆకర్షణ, వికర్షణ అనే జంటలో భాగంగానే పరిచయం. రెండు ఎలక్ట్రాన్ పొరల మధ్య ఉన్నది వికర్షణ. వికర్షణ వల్ల కర్షణ కలుగుతుంది అని రాస్తే వాక్యం తనను తానే ఖండించుకొన్నట్లు ధ్వనిస్తుంది. ఆకర్షణ, వికర్షణలలో ఏదైనా ఫలితం ఒకే దిశలో ఉంటుందన్నది 1991, 1992 ప్రయోగాలను కలిపి చదివితే బోధపడే అసలు విషయం. ఆ విషయాన్నే మరుగుపరిచే మాటను పేరుగా పెట్టడం తగదు.

అచ్చతెలుగులో మూడు క్రియలు పోటీకి వస్తాయి: లాగు, గుంజు, ఈడ్చు. తెలంగాణ వ్యవహారంలో గుంజు బలమైన మాట. దిల్‌సుఖ్‌నగర్ తరగతి గదిలో అయస్కాంతం ఇనుమును "గుంజుతది" అంటే ఎవరికీ వివరణ అక్కర్లేదు. అయితే లాగు, గుంజు రెండింటిలోనూ లాగేవాడు ముందు ఉండి, తన వైపునకు రప్పించుకోవడం ప్రధానం. అంటే అవి ఆకర్షణకు దగ్గరి మాటలు. ఈడ్చు అలా కాదు. ఈడ్చే వస్తువు నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. దానికి రావాలని ఉండదు. నేల దానిని పట్టుకొంటుంది, ఈడ్చేది దానిని తనతోపాటు పోనిస్తుంది. "కాళ్ళీడ్చుకుంటూ నడవడం" అన్న నుడిలో ముందుకు పోవడం, నేల రాపిడి రెండూ ఉన్నాయి. రెండవ పొరలోని ఎలక్ట్రాన్ల స్థితి సరిగ్గా ఇదే. వాటిని తమ పొరలోని మాలిన్యాలు, కంపనాలు వెనుకకు పడతాయి, పక్క పొర ప్రవాహం తనతో పోనిస్తుంది. వెంట తీసుకుపోవడం, రాపిడి అనే రెండు అర్థాలనూ ఒక్క ధాతువులో నిలుపుకొన్నది ఈడ్చు. ఆంగ్ల పదమైనా ఇంతకంటె ఎక్కువ చెప్పదు.

మార్చు–మార్పు, కూర్చు–కూర్పు, ఓర్చు–ఓర్పు, తీర్చు–తీర్పు వరుసలో ఈడ్చు–ఈడ్పు సహజంగా ఏర్పడుతుంది. ఈడ్పు నిరోధం అన్నప్పుడు దేశ్య, తత్సమ పదాల కలయిక మిశ్రసమాసమే అయినా, ఓటు హక్కు, రైలు ప్రయాణం అలవాటైన చెవికి అది కఠినంగా తోచదు.

అన్యోన్యం అన్న మాట సంగతి వేరు. 1991 నాటి పత్రం శీర్షికను అనుసరించి అన్యోన్య ఘర్షణ అనవచ్చునన్న వాదన ఉండవచ్చు. కానీ ఇంటర్మీడియట్ విద్యార్థికి అన్యోన్య ప్రేరణ ముందే తెలుసు. రెండు తీగచుట్టలలో ఒకదానిలో ప్రవాహం మారితే రెండవదానిలో విద్యుచ్ఛాలక బలం పుట్టడం. ఒక చోట ప్రవాహం, తాకని మరొక చోట ఓల్టేజి: పై చూపుకు రెండూ ఒకటే. నిజానికి భేదం మౌలికమైనది. ప్రేరణకు ప్రవాహం మారుతూ ఉండాలి. నిలకడగా ఉన్న ప్రవాహం ప్రేరణ కలిగించదు. ఈడ్పుకు నిలకడైన ప్రవాహమే చాలు. మొదటిదానికి వాహకం అయస్కాంత క్షేత్రం, రెండవదానికి ద్రవ్యవేగం. అన్యోన్యం అనే విశేషణం ఈ భేదాన్ని చెరిపివేస్తుంది కనుక ఈ చోట దానిని విడిచిపెట్టడం మేలు. అయితే అన్యోన్యత లేదని కాదు. ఏ పొరలో ప్రవాహం పంపి ఏ పొరలో కొలిచినా ఈడ్పు నిరోధం విలువ ఒకటే. కనుక చాలక పొర, ఈడ్పు పొర అన్నవి పాత్రల పేర్లే, స్థానాల పేర్లు కావు. విద్యుచ్ఛాలక బలం ఇప్పటికే వాడుకలో ఉంది కాబట్టి చాలక అన్న విశేషణం విద్యార్థికి కొత్త కాదు.

మిగిలింది నిరోధం. ఒక పొరలోని ఓల్టేజిని మరొక పొరలోని ప్రవాహంతో భాగించి వచ్చిన దానిని నిరోధం అనడం సబబా? అక్కడ ఏదీ ఆగడం లేదు, ఒకచోటి కదలిక మరొకచోట ఒత్తిడిగా మారుతున్నది. ఆంగ్లంలో ఇటువంటి రాశికి దాటు అనే అర్థమిచ్చే ట్రాన్స్ అన్న ఉపసర్గ చేర్చి పేరు పెట్టారు. బెల్ ప్రయోగశాలలో జాన్ పియర్స్ 1948లో ఒక కొత్త పరికరానికి ట్రాన్సిస్టర్ అని పేరు సూచించింది ఆ పదకుటుంబం నుండే. ఆ పేరు తెలుగు పల్లెకు చేరేసరికి పరికరం జారిపోయి, దానిని ఇముడ్చుకొన్న రేడియో మిగిలింది. ఒక తరం తెలుగువారికి ట్రాన్సిస్టరు అంటే చంకకు తగిలించుకొనే రేడియోయే. పదం ప్రయాణించింది, భావన మాత్రం రేవులోనే ఉండిపోయింది. అరువు పదాలతో ఈ చిక్కు తరచు వస్తుంది. నిరోధం అనే మాటకు ఇప్పటికే నిష్పత్తి అన్న అర్థం స్థిరపడింది కాబట్టి, దానికి ఈడ్పు చేర్చి వాడడం అర్థానికి భంగకరం కాదని నా అభిప్రాయం.

5. తెలుగు ఎక్కడ ఆగింది

ఇటువంటి పదచర్చకు హైదరాబాదులో పూర్వరంగం ఉంది. ఎలక్ట్రాన్‌ను గుర్తించిన తొమ్మిదేళ్లకు, 1906లో, కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు ఈ నగరంలోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. 1908లో అది మద్రాసుకు తరలింది. చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రాలను కూడా తెలుగు వచనంలో చెప్పాలన్నది వారి సంకల్పం. మరొకవైపు 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రాన్ని సైతం ఉర్దూలో బోధించింది. అందుకు ఒక ఏడాది ముందే ఏర్పడిన అనువాద విభాగం పారిభాషిక పదాలను తయారుచేసింది. భారతీయ భాషలో విశ్వవిద్యాలయ స్థాయి విజ్ఞానబోధ సాధ్యమేనని ఈ నగరం నిరూపించింది. నిరూపించిన ఆ భాష మాత్రం ఇక్కడి ప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాష కాదు. ఆ తరువాత ఉస్మానియా ఆంగ్లానికి మళ్ళింది.

తెలుగు భౌతికశాస్త్రవేత్తలలో అగ్రగణ్యులైన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో రామన్ దగ్గర చేరారు. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా ఉపాధ్యక్షులుగా ఉన్నారు. టి. వేంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతం మీద ఆయన రాసిన గ్రంథం 1948లో వాల్తేరు నుండి ఆంగ్లంలో వెలువడింది. ఇది తప్పుపట్టడం కాదు. ఆ స్థాయి విషయానికి అప్పట్లో తెలుగులో పాఠకసమాజం లేదు. ఎల్.బి.నగర్‌కు పడమరగా కొద్ది దూరంలోని కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధనశాలలు వెలిశాయి. లోహాల మీద, క్షిపణుల మీద అక్కడ పెద్ద పనులు జరిగాయి. ఆ పని భాష కూడా ఆంగ్లమే.

1969–70లో ఇంటర్మీడియట్ విధానం వచ్చిన తరువాత తెలుగు అకాడమి చేసిన కృషి అసాధారణం. పరిక్షేపణం, ద్రవ్యవేగం, అర్ధవాహకం, స్నిగ్ధత వంటి పదాలు లక్షలాది విద్యార్థుల నోట నానాయి. జనరంజక రచనలో వసంతరావు వేంకటరావు, ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహన్, బాబా అణు పరిశోధన కేంద్రానికి చెందిన కొడవటిగంటి రోహిణీప్రసాద్, అమెరికాలో కంప్యూటర్ శాస్త్రం బోధిస్తూ తెలుగు నిఘంటువును కూర్చిన వేమూరి వేంకటేశ్వరరావు వేర్వేరు దారులు వేశారు. వేమూరివారు పదాన్ని తవ్వి తీస్తారు. రోహిణీప్రసాద్ ఉన్న పదంతోనే నడిపిస్తారు. రెండూ అవసరమే.

లోటు మరొకచోట ఉంది. పాఠ్యపుస్తకం డ్రూడ్ చిత్రం దగ్గర ఆగింది కనుక, నిరోధానికి సంబంధించిన మన పదజాలం కూడా ఒంటరి ఎలక్ట్రాన్‌కు, అయాన్‌కు మధ్య జరిగేదానికే పరిమితమయింది. ఎలక్ట్రాన్లు తమలో తాము ఏమి చేస్తాయో చెప్పే క్రియలు మనకు ఏర్పడలేదు. పదాలు లేకపోవడం వల్ల భావన రాలేదా, భావన రాకపోవడం వల్ల పదాలు పుట్టలేదా అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు తేలికే: భావన రాలేదు. ఈడ్చు అన్న క్రియ అనాదిగా ఉంది, దానికి పని చెప్పినవారు లేరు.

6. ఖాళీని ఈడ్చుకుపోవడం

2000 తరువాత ఈ రంగం మలుపు తిరిగింది. ఎంచుకున్న పదాన్ని ఆ మలుపు దగ్గర కూడా పరీక్షించాలి. బలమైన అయస్కాంత క్షేత్రంలో, రెండు పొరల ఎలక్ట్రాన్లు కలిసి ఒక శక్తిమెట్టును సరిగ్గా నింపిన ప్రత్యేక స్థితిలో, 2002లో కెలాగ్, స్పీల్‌మన్, ఐజెన్‌స్టీన్ తదితరులు ప్రవాహానికి అడ్డంగా కొలిచిన ఈడ్పు నిరోధం దాదాపు 25,813 ఓమ్‌ల దగ్గర స్థిరపడింది. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశ వర్గంతో భాగిస్తే వచ్చే విలువ అది. 1991లో మిల్లీ ఓమ్‌లుగా, కొలవడమే కష్టంగా ఉన్న రాశి పదకొండేళ్లలో ప్రకృతి స్థిరాంకాల విలువకు చేరింది. చెవికి ఆనని గుసగుస కొండప్రతిధ్వని అయినట్లు.

ఈ స్థితిలో ఒక పొరలోని ప్రతి ఎలక్ట్రాన్ ఎదుటి పొరలోని ఒక ఖాళీతో జతకట్టి ఉంటుంది. 2012లో నంది, ఫింక్, ఐజెన్‌స్టీన్, ఫైఫర్, వెస్ట్‌లు చాలక పొరలో ఎంత ప్రవాహం పంపితే దాదాపు అంతే ప్రవాహం ఈడ్పు పొరలో వ్యతిరేక దిశలో నడవడాన్ని చూపారు. దీనినే పరిపూర్ణ ఈడ్పు అంటున్నారు. ఎలక్ట్రాన్‌తో పాటు దాని జత అయిన ఖాళీ ఒకే దిశలో పోతుంది. ఖాళీ కుడికి పోవడమంటే ఆ పొరలోని ఎలక్ట్రాన్లు ఎడమకు జరగడం. వరుసలో ఒక కుర్చీ ఖాళీ అయి, పక్కవారు ఒకరి తరువాత ఒకరు జరిగితే ఖాళీ ఎదురు దిశలో నడిచినట్లు కనిపించడం అందరికీ తెలిసినదే. ఈడ్చబడుతున్నది ఇప్పుడు వస్తువు కాదు, లోపం. ఐనా ఈడ్పు అన్న మాట నిలుస్తుంది. రెండు జతగా ఒకే దిశలో పోతున్నంతవరకు ఈడ్చేది, ఈడ్చబడేది అన్న సంబంధం చెదరదు. కర్షణ అని ఉంటే ఇక్కడ మళ్ళీ ఆకర్షణతో గందరగోళం వచ్చేది. ఈసారి జతను పట్టి ఉంచేది ఆకర్షణే కనుక, గందరగోళం మరింత గట్టిపడేది.

అదే 2012లో మాంచెస్టర్ కేంద్రంగా గొర్బచేవ్, గైమ్, నవసెలొవ్, పొనొమరెంకో తదితరులు గ్రాఫీన్ పొరలను బోరాన్ నైట్రైడ్ పలకతో వేరుచేసి ఈ ప్రయోగం చేశారు. కొన్ని నమూనాలలో ఎడం ఒక నానోమీటరు దాకా, అంటే మూడు పరమాణు పొరల మందం దాకా తగ్గింది. పెన్సిల్ ములుకులోని గ్రాఫైటు నుండి ఒలిచిన పొరలవి. గాలియం ఆర్సెనైడ్‌లో ఎంతో దూరంగా అనిపించే ఎడమే ఇక్కడ ఎలక్ట్రాన్ల మధ్య సగటు దూరం కంటె తక్కువయింది. రెండు పొరలలోనూ ఆవేశాలు సమతూకంలో ఉండే బిందువు దగ్గర సాధారణ సిద్ధాంతం ప్రకారం ఈడ్పు శూన్యం కావాలి, కాలేదు. దానికి కారణమేమన్న చర్చ ఆ తరువాత చాలా పత్రాలకు దారితీసింది. 2017లో కొలంబియా, హార్వర్డ్ బృందాలు జంటపొర గ్రాఫీన్ నమూనాలలో 2002 నాటి స్థిరవిలువ ఈడ్పును మళ్ళీ చూపాయి.

ఈ ప్రయోగాల వల్ల తెలుగుకు మరొక పని మిగిలింది. రెండు పొరలలో కావాలని సమానమైన, వ్యతిరేక దిశల ప్రవాహాలను పంపినప్పుడు జతలు దాదాపు నిరోధం లేకుండా కదలడాన్ని 2004లో రెండు బృందాలు గమనించాయి. దీనిని ప్రతిప్రవాహం అనవచ్చు. కానీ ప్రతి అన్న ఉపసర్గకు ఎదురించడం, బదులు ఇవ్వడం, ఒక్కొక్కటి అనే మూడు అర్థాలున్నాయి. ఎదురుపారుదల అంటే కాలువ గుర్తుకు వస్తుంది. ఇక్కడ రెండు ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం లేదు. పక్కపక్కనే, ఒకదాని పోక మరొకదాని రాకగా సాగుతున్నాయి. రాకపోకలు అనే జంటపదంలో ఈ భావం కొంత ఉంది గాని, అది ఇప్పటికే దిల్‌సుఖ్‌నగర్ బస్సులకు, మెట్రో రైళ్ళకు అంకితమైపోయింది.